మా గది అంకె ఇరవై ఆరు

కృత్తిక కార్తె, బుధవారం. గది అంకె: లేదు. యంత్రమే ఇంకా రాలేదు.

చల్లగది ఉన్న ప్రతి ఇల్లూ తన చల్లగాలి యంత్రం దినచర్య రాసి తీరాలని మా ఊరు పలకలగుంట కట్టుబాటు. ఈ ఏడు ఆ గౌరవం మా ఇంటికి దక్కింది. మా ఇల్లంటే నేను, మా అక్క సులోచన, ఆమె కుట్టుమిషను. ముగ్గురిలోకీ బీటెక్ చదివింది నేనొక్కణ్ణే కనక కలం నా చేతికొచ్చింది. భావితరాలవారు శ్రద్ధగా చదువుకోవాలని మనవి.

ఇవాళ యంత్రాన్ని ఎంపిక చేశాం. ఎండ ముదరకముందే మేం కాపురముండే పాత రాతిగని గోతిలోంచి మెట్లెక్కి పైకి వచ్చాం. పైన పాత కరెంటు స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. తీగల్ని మాత్రం మా నాన్నల కాలంలోనే చుట్టుకుపోయారు. స్తంభాలకు ఇప్పుడు మేకల్ని కట్టేస్తారు. పక్క గోతిలోని పాత సామాన్ల కొట్టుకు వెళ్ళింది నలుగురం: నేను, అక్క, పక్కింటి ఖాసిం బావ, ఎదురు రాతిగోడలోకి తొలిచిన ఇంట్లో ఉండే సింగయ్య మామ.

కొట్టులో రెండే యంత్రాలున్నాయి. ఒకటి బూడిదరంగు డబ్బా. గోడకు తగిలించుకునేది, ఒక మంచం పట్టే గదికి సరిపోతుంది. మెల్లగా లేచి మెల్లగా నడుస్తుంది, కరెంటు కొద్దిగానే తాగుతుంది. చూడ్డానికి టిఫిన్ డబ్బాకి దగ్గరి చుట్టంలా ఉంది. రెండోది ఏదో పాత కల్యాణ మండపంలో పెళ్ళిళ్ళు చూసిన యంత్రం. బీరువా అంత ఎత్తు, అంచుల వెంట బంగారు రంగు తీగలూ పువ్వులూ. నుదుటి మీద గది వేడి ఎంతో చూపించే అంకెలు, ఒక్కోటి అరచేయంత, ఎర్రగా.

"చిన్నది చాల్లేరా," అంది అక్క. "మనకుంది నాలుగిళ్ళ ప్యానెళ్ళ మీద పడే ఎండే."

నేను గొంతు సవరించుకున్నాను. ఎప్పుడో పరీక్షల్లో రాసిన మాటలన్నీ పైకి తీశాను. టన్నులన్నాను, ఉష్ణభారమన్నాను, భవిష్యత్ అవసరాలన్నాను. పదిమంది పడుకునే గదికి ఆ డబ్బా పెడితే చీమ చేత పెళ్ళి పల్లకీ మోయించినట్టే అన్నాను. ఒక్క లెక్క మాత్రం వెయ్యలేదు. అంత పెద్ద యంత్రం నిద్రలేచేటప్పుడు ఒక్కసారిగా ఎంత కరెంటు లాగుతుందో చూడాలి. అది చూడకుండానే మాట్లాడాను. నిజానికి ఆ ఎర్ర అంకెలు చూడగానే నా తెలివి చెప్పులు విడిచి బయట కూర్చుంది.

"చదువుకున్నోడు చెప్తన్నాడుగా," అన్నాడు సింగయ్య మామ. "తీసేసుకోండి."

"రోహిణి వచ్చేలోపు నచ్చకపోతే తెచ్చి మార్చుకోండి," అన్నాడు కొట్టువాడు.

నాకు నచ్చకపోవడమా.


కృత్తిక కార్తె, శనివారం. గది అంకె: ఇరవై ఏడు.

తీగలు కట్టాం. యంత్రం లేని ఇల్లు మధ్యాహ్నం పూట తన ప్యానెళ్ళ కరెంటును యంత్రమున్న ఇంటికి తీగ లాగి ఇస్తుంది. ఇచ్చినంతసేపూ ఆ ఇంట్లో ఫ్యాను కూడా తిరగదు. బదులుగా నడినెత్తిన ఎండ నిలిచినప్పటి నుంచి ఎదురు గోడ మీద నీడ పడేదాకా చల్లగది తలుపుకు గడియ వెయ్యరు. తీగ ఇచ్చినవాళ్ళు తోసుకుని రావచ్చు, పడుకోవచ్చు. ఎవరూ అడగరు, ఎవరూ థాంక్స్ చెప్పరు.

ఖాసిం బావ వాళ్ళ తీగ కొసను నూర్జహాను తనే పట్టుకొచ్చింది. ఆమె బావ భార్య. తొమ్మిదో నెల. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేతిలో తీగ.

"మా ఫ్యాను ఆగిపోద్ది అన్నయ్యా. చల్లగా ఉంచాలి మరి," అంది.

"చలికి వణికి మీరే దుప్పట్లు తెచ్చుకుంటారు," అని అభయమిచ్చాను.

స్విచ్చి వేశాను. నాలుగిళ్ళలో దీపాలు ఒక్కసారి కళ్ళు మూసి తెరిచాయి. యంత్రం గర్జించింది. అంకె నలభై ఒకటి నుంచి దిగడం మొదలుపెట్టింది. జనం అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఇరవై ఏడు దగ్గర సింగయ్య మామ చప్పట్లు కొట్టాడు. నేను చిన్న ప్రసంగం చేశాను. ఖాసిం బావ తల్లి మస్తానత్త మధ్యలోనే నిద్రపోయింది. చల్లదనం ప్రభావమని నమోదు చేస్తున్నాను.


కృత్తిక కార్తె, మంగళవారం. గది అంకె: ఒకసారి ఇరవై ఎనిమిది, ఒకసారి ముప్పై అయిదు, ఒకసారి ఏమీ లేదు.

సమస్య ఏమిటంటే యంత్రం గదిని గబగబా చల్లబరిచి పడుకుంటుంది. మళ్ళీ లేవాలంటే ఒక్క గుటకలో నాలుగిళ్ళ కరెంటూ తాగుతుంది. ఆ గుటకకు మా ఇన్వర్టరు తట్టుకోలేక ఠప్పుమని ఆగిపోతుంది. ఆగిన ప్రతిసారీ నేను లేచి, "నిర్వహణ నిమిత్తం స్వల్ప విరామం," అని ప్రకటిస్తాను. ఇవాళ అన్ని విరామాలయ్యేసరికి బ్యాటరీలు ఎండిపోయాయి. ఎదురు గోడ మీద నీడ పడకముందే జనం లేచి వెళ్ళారు.

"పెళ్ళిలో పెట్టుకునే యంత్రం కదా, భోజనాలయ్యాక ఇంక పని చేయదేమో," అన్నాడు ఖాసిం బావ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు అరగలేదు.

దాని బయటి భాగాన్ని దక్షిణం రాతిగోడకు ఎదురుగా నేనే పెట్టించాను. ఆ గోడ పొద్దంతా కాలుతుంది. యంత్రం బయటికి ఊదిన వేడి గోడకు తగిలి తిరిగి దాని మొహం మీదికే వస్తోంది. గాలి వడకట్టే జల్లెడ తీసి చూస్తే రాతిపొడి రొట్టెలా అట్టకట్టింది. కడిగాను. కాస్త మెరుగైంది. కానీ అసలు రోగం జల్లెడలో లేదు, ఎంపికలో ఉంది.

"డబ్బా ఇంకా కొట్టులోనే ఉందంట. మార్చుకొచ్చేద్దాం పద," అంది అక్క.

"రెండు రోజులాగు. సర్దుబాటు చేస్తాను," అన్నాను.

మార్చితే ఏమవుతుందో ఊహించాను. బంగారు పువ్వుల బీరువాను బండిలో వేసుకుని అందరి గుమ్మాల ముందు నుంచి తోసుకెళ్ళాలి. టిఫిన్ డబ్బాతో తిరిగి రావాలి. ప్రసంగం చేసిన నోటితోనే.


కృత్తిక కార్తె, గురువారం. గది అంకె: ఇరవై ఆరు.

సాంకేతిక విజయం. భావితరాలవారు ఈ పేజీ మడిచి పెట్టుకోగలరు.

గది వేడిని కొలిచే మొన ఒకటి యంత్రం పెదవి దగ్గర వేలాడుతుంది. దాని తీగ మధ్యలో బియ్యపుగింజంత రెసిస్టర్ ఒకటి అతికించాను. ఇక గదిలో ముప్పై రెండున్నా, యంత్రం ఇరవై ఆరనుకుంటుంది. ఇరవై ఆరు వచ్చేసిందని సంతోషించి పడుకుంటుంది. నిద్ర ఎక్కువైతే లేవడాలు తక్కువ. లేవడాలు తక్కువైతే ఠప్పుమనడాలు తక్కువ. ఇవాళ నీడ పడేదాకా బ్యాటరీ నిలిచింది. అంకె కదల్లేదు. యంత్రాన్ని అబద్ధంతో జోకొట్టి నిద్రపుచ్చిన మొదటి ఇంజనీరును నేనే అయ్యుంటాను.

ఇది తాత్కాలికం. అసలైన మరమ్మతు ఆలోచించేదాకా మాత్రమే.


కృత్తిక కార్తె, ఆదివారం. గది అంకె: ఇరవై ఆరు.

తలుపు తెరిచే ముందు ఇంటివాడు గుమ్మంలో నిలబడి అంకె చదవాలి. ఇది మా కట్టుబాట్లలో అన్నిటికన్నా ముచ్చటైనది. నేను "ఇరవై ఆరు" అన్నాను. లోపలికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే "చల్లన" అంటూ గడప దాటారు.

జరిగిన వింత రాయకుండా ఉండలేను. సింగయ్య మామ ఎర్ర అంకెను కాసేపు చూసి, చంకలోని దుప్పటి తీసి మెడదాకా కప్పుకున్నాడు. ముప్పై రెండులో. అంకెకు ఇంత బలముందని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నవ్వు ఆపుకోలేక వెనకగదిలోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి మస్తానత్త చెంగుతో మెడ తుడుచుకుని, కొంగుముడి విప్పి ఏదో మాత్ర వేసుకుంటోంది.

"ఏందత్తా?"

"ఏం లేదులే నాయనా. పెద్దతనం."

అక్క మాత్రం యంత్రం కింద పెట్టిన కుండను వంచి చూసింది. గాలి చల్లబడితే అందులో నీళ్ళు చుక్కచుక్కగా పడాలి. ఆ నీళ్ళతోనే మేము కరివేపాకు మొక్క బతికిస్తాం.

"ఇరవై ఆరు చూపిస్తంది. కుండలో చుక్క లేదేందిరా?"

"గాలి పొడిగా ఉందక్కా."

"గదిలో పదిమంది ఊపిరి వదుల్తన్నారు. పొడేంది?"

తేమ శాతాల గురించి ఆపకుండా మాట్లాడాను. వినలేక వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. గెలిచాను. గెలిచినవాడికి ఇంత ఉక్క పోయకూడదు.


కృత్తిక కార్తె చివరి రోజు. గది అంకె: ఇరవై ఆరు.

ఇవాళ తెల్లవారుజామున ఆనకట్ట బండి వచ్చింది. కృష్ణానది మీది ఆనకట్ట కడుపులో రాతిగదులున్నాయి. యంత్రం లేకుండానే అక్కడ చల్లన. నెలలు నిండినవాళ్ళనూ పసిపిల్లలనూ రోహిణికి ముందు అక్కడికి చేరుస్తారు. బండి వెళ్ళాక మళ్ళీ మృగశిరలోనే వస్తుంది. రోహిణిలో ఆ దారిన ఎవరూ పోరు. తారు కరిగి చక్రాలు పట్టేస్తుంది, బండి బ్యాటరీలు ఉబ్బిపోతాయి.

బండి పెద్ద నూర్జహాను ముందు ఆగాడు. "ఎక్కుతావా అమ్మా, ఇక్కడే ఉంటావా?"

నూర్జహాను అత్తను చూసింది. మస్తానత్త నన్ను చూసింది. "ఇరవై ఆరు నిలబడతంది కదా అబ్బాయ్. దారిలో ఆ కుదుపులకి దీన్ని పంపాలంటే నాకు భయం. నువ్వు సరేనంటే ఇక్కడే ఉంచుకుంటా."

ఇలాంటప్పుడు ఇంటివాడు చేయాల్సిందొకటుంది. తన తలుపు గడియను ఊడదీసి వాళ్ళ చేతికివ్వాలి. మృగశిర దాకా అది వాళ్ళ దగ్గరే ఉంటుంది. మా గది మీకు చల్లన అని దానర్థం. ఇవ్వలేనంటే తప్పేం లేదు. చాలామంది ఇవ్వరు. వాళ్ళను ఎవరూ ఏమీ అనరు.

నాకు నోరు విప్పడానికి కావలసినంత వ్యవధి దొరికింది. బండి పెద్ద నీళ్ళు తాగాడు. చక్రాలకు గాలి చూసుకున్నాడు. ఎవరితోనో మేకల గురించి మాట్లాడాడు. నేను "ఎక్కించండి" అన్న ఒక్క మాట అనుంటే సరిపోయేది. కారణం కూడా ఎవరూ అడిగేవారు కాదు.

స్క్రూడ్రైవరు తెచ్చి గడియ ఊడదీశాను. జోకొకటి వేశాను కూడా. "అత్తా, మా ఇంట్లో దొంగలు పడితే బాధ్యత మీదే," అన్నాను. మస్తానత్త నవ్వి, గడియను చెంగులో చుట్టుకుంది.

బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. తలుపుకు గడియ ఊడిన చోట రెండు చిల్లులున్నాయి. ఇంట్లోకి వస్తూ పోతూ వాటివైపు చూడకుండా నడవడం నేర్చుకుంటున్నాను.


రోహిణి కార్తె, మంగళవారం. గది అంకె: ఇరవై ఆరు.

బయట నలభై ఎనిమిది. రాతిగోడలు సాయంత్రం కూడా చెయ్యి పెట్టనివ్వడం లేదు.

నూర్జహాను తలుపు తీయగానే వచ్చి, యంత్రానికి బాగా దగ్గరగా పడుకుంటోంది. ఇవాళ ఓణీ కొసను తడిపి మెడకు చుట్టుకుంది. ఎవరో చూసేసరికి తీసేసింది.

"అన్నయ్యా, మీ ఇంట్లో జొరం చూసే గొట్టం ఉందా?"

ఇచ్చాను. నోట్లో పెట్టుకుంది. జ్వరం లేదు. గొట్టాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"ఇది సరిగ్గా పనిచేస్తదా?"

"మా ఇంట్లో వస్తువులన్నీ నాలాంటివే," అన్నాను. "నమ్మకస్తులు."

నా జోకులకు నేనే సిగ్గుపడటం జీవితంలో ఇదే మొదలు. బీటెక్ నాలుగేళ్ళలోనూ ఆ పాఠం రాలేదు.

రెసిస్టర్ తీసేస్తే? యంత్రం మాటిమాటికీ లేస్తుంది, ఇన్వర్టరు ఆగిపోతుంది, నడి ఎండలో గది మొత్తం చచ్చిపోతుంది. ఉంచితే ముప్పై మూడు. ఈ రెంటి మధ్యా కూర్చుని సాయంత్రందాకా జల్లెడ కడిగాను. మెరిసిపోతోంది. అంత శుభ్రమైన జల్లెడ ఈ జిల్లాలో ఇంకెక్కడా ఉండదు.


రోహిణి కార్తె, గురువారం. గది అంకె: ఇరవై ఆరు. గది అంకె: ముప్పై నాలుగు.

రెండూ ఇవాళవే.

అందరూ పడుకున్నారు. నూర్జహాను నీళ్ళ చెంబు కోసం లేచి, గోడ పట్టుకుని, అలాగే కిందికి జారిపోయింది. చెంబు దొర్లిన చప్పుడుకు అందరూ లేచారు. ఖాసిం బావ ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. మొహం ఎర్రగా కాలుతోంది. అక్క తడిబట్ట తెచ్చింది.

"ఇంత చల్లట్లో ఎట్టా పడిపోయిందిరా," అన్నాడు సింగయ్య మామ. "బిడ్డకేమన్నా అయ్యిందేమో."

ఆ మాట నేను భరించలేకపోయాను. స్టూలు ఎక్కి, యంత్రం పెదవి కింద చెయ్యి పెట్టి, ఆ బియ్యపుగింజను తెంపేసి, తీగ కొసలు కలిపాను. ఎర్ర అంకె ఒకసారి ఆరి వెలిగింది. ముప్పై నాలుగు.

అందరూ అంకెను చూస్తున్నారు.

"అదేందది?" అన్నాడు సింగయ్య మామ.

"అదే నిజం అంకె, మామా. ఇరవై ఆరు నేను పెట్టింది. బ్యాటరీ నిలబడాలని."

"ఎప్పట్నుంచి?"

"బండి రాకముందు నుంచి."

మస్తానత్త నావైపు తిరిగింది. కోపంగా లేదు. లెక్క తేలనిదానిలా ఉంది. "అంటే నాకు బీపీ లేదా? ఊరికే చెమటలు పోస్తన్నయ్యని రెండు పూటలా మాత్రలు మింగుతున్నా గదరా."

"నేను చలిజొరం అనుకున్నా," అన్నాడు సింగయ్య మామ, దుప్పటిని కాళ్ళతో నెట్టేస్తూ. "దుప్పటి కప్పుకుంటే చెమట పట్టి దిగుద్దని."

నేను వెనకగదిలోకి పరిగెత్తి నవ్వుకున్న దుప్పటి అది.

నూర్జహాను కళ్ళు తెరిచింది. నీళ్ళు తాగించారు. అంకె చూసింది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"అందరికీ చల్లగా ఉంది, నాకొక్కదానికే మంట అనుకున్నా అన్నయ్యా," అంది. "లోపల బిడ్డకే ఏదో అయిందని, ఆ వేడే నాకు తగుల్తందని. చెప్తే అత్త భయపడిద్దని చెప్పలా. దినాం ఇక్కడ పడుకుని, పోయిందేమో పోయిందేమో అని కదులుతుందా లేదా చూసుకుంటన్నా."

గదిలో పదిమందిమి ఉన్నాం. ఒక్కరు "ఉక్కగా ఉంది" అని పైకి అనుంటే నా అబద్ధం ఆ పూటే చచ్చేది. ఎవరూ అనలేదు. నేను చదివిన అంకెను నమ్మి, వాళ్ళ ఒంటిని వాళ్ళు నమ్మడం మానేశారు.

ఇక ఆలోచించే పని లేదు. వెనకగది చిన్నది. నూర్జహానును అందులో పడుకోబెట్టి, యంత్రాన్ని గుమ్మం దాకా జరిపి, చుట్టూ దుప్పట్లు కట్టాం. మిగిలినవాళ్ళంతా బయటికి నడిచారు. యంత్రం లేచేటప్పుడల్లా నేను "ఆపండి" అని అరుస్తాను. ఎవరింటి దగ్గర వాళ్ళు నిలబడి, దీపాలతో సహా ఉన్నవన్నీ ఆపేస్తారు. అది లేచాక మళ్ళీ వేస్తారు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో సింగయ్య మామ, మస్తానత్త, అక్క స్విచ్చిల దగ్గర నిలబడ్డారు. నేను అరిచిన ప్రతిసారీ ఆపారు. నీడ పడేదాకా ఒక్కరు కూడా నన్ను ఏమీ అనలేదు.


అదే రోజు, పొద్దు వాలాక.

ఖాసిం బావ వచ్చాడు. చేతిలో మా తలుపు గడియ ఉంది. ఇనప గడియ, బరువైనదే. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"అమ్మ ఇచ్చేయమంది," అన్నాడు.

రోహిణి మధ్యలో గడియ తిరిగి రావడం పలకలగుంటలో నేనెప్పుడూ వినలేదు. తీసుకున్నాను. వాళ్ళ చెంగులో ఇన్నాళ్ళూ ఉన్నందుకో ఏమో, పసుపు వాసన వేస్తోంది.

"నూర్జహాను..." అన్నాను.

"లేచి గంజి తాగింది. బిడ్డ తంతన్నాడంట." గుమ్మంలోంచి కదల్లేదు. "బండి తీసుకో. ఆ బూడిద డబ్బా ఉందో లేదో చూసొద్దాం."

ఇద్దరం ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళాం. చిన్నప్పటి నుంచీ ఆ మనిషితో కలిసి నడిస్తే నా నోరు మూతపడదు. ఇవాళ చక్రాల చప్పుడే వింటూ నడిచాం. కొట్టువాడు డబ్బా మీద మంచినీళ్ళ కుండ పెట్టుకున్నాడు. గడువు దాటింది కనక పెద్దదాన్ని వద్దని, దీనికి వేరే డబ్బు పుచ్చుకుని కుండ దించి ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు ప్రతి గుమ్మంలోనూ జనం కూర్చుని ఉన్నారు. నేను ఊహించినట్టే అందరూ చూశారు. ఊహించినట్టు ఒక్కరు కూడా నవ్వలేదు.


రోహిణి కార్తె, శనివారం. గది అంకె: లేదు.

చల్లగది ఇప్పుడు మస్తానత్త ఇల్లు. డబ్బాను ఆమె వంటింటి గోడకు బిగించాను. బయటి భాగాన్ని ఉత్తరం వైపు, నీడలో, గోడకు దూరంగా పెట్టి, పైన తాటాకులు కప్పాను. నాలుగిళ్ళ తీగలూ అటే వెళ్ళాయి. మా ఇంటి తీగ కూడా. మధ్యాహ్నం మా ఫ్యాను ఆగిపోతుంది. డబ్బా చప్పుడు కూడా చేయకుండా లేస్తుంది, ఆగకుండా నడుస్తుంది. గది చిన్నది కనక మనుషులు పక్కపక్కన ఒదిగి పడుకుంటారు. కింద కుండ నిండిందని అక్క చెప్పింది. కరివేపాకు మొక్క అక్కడికే వెళ్ళింది.

ఈ డబ్బాకు అంకెలు లేవు. చిన్న పచ్చదీపం మాత్రం ఉంది. మరి తలుపు దగ్గర ఏం చదవాలని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారట. నూర్జహానును అడిగి, ఆమె ఏం చెబితే అది చదువుతున్నారు. ఇవాళ చదివింది: "అరికాళ్ళు చల్లగా ఉన్నయ్యి. నడుం దగ్గర ఇంకా లేదు."

ఇవన్నీ అక్క నోట విన్నవే. నేను వెళ్ళలేదు. తడి తువ్వాలు కప్పుకుని ఇంట్లోనే కూర్చున్నాను. కల్యాణ మండపం యంత్రం మూలన నిలబడి ఉంది. అక్క దాని పొట్టలో కుట్టుబట్టలు సర్దుకుంది. మధ్యాహ్నమంతా ఆ బంగారు పువ్వులూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.


రోహిణి కార్తె, బుధవారం. గది అంకె: "పాప నిద్రపోయింది."

నిన్న పొద్దున ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగున్నారు. తంతన్నాడన్న ఖాసిం బావ ఇప్పుడు తంతందని దిద్దుకుంటున్నాడట.

మధ్యాహ్నం తడి తువ్వాలు ఆరిపోయింది. మళ్ళీ తడుపుదామని లేచేసరికి గుమ్మంలో మస్తానత్త ఉంది. ఆ ఎండలో, నెత్తిన కొంగుతో.

"తీగ ఇచ్చావు. రావేందిరా?"

"పర్లేదత్తా. ఇక్కడ బాగానే ఉంది."

"ఇంకా అబద్ధాలేనా," అని వెనక్కి తిరిగి నడిచింది.

వెనకే వెళ్ళాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది, నేను తలుపు బయట ఆగాను. గడియ లేదు, తోస్తే తెరుచుకుంటుంది. నా చెయ్యి మాత్రం లేవలేదు. లోపల్నుంచి సింగయ్య మామ గొంతు వినిపించింది. "తలుపు దగ్గర నిలబడి గాలి అడ్డం పెట్టబాకరా. వస్తే రా, లేకపోతే జరుగు."

తోశాను. నాకు చోటు ఇవ్వడానికి ఎవరూ లేవలేదు. ఖాసిం బావ కాళ్ళు కాస్త ముడుచుకున్నాడు. ఆ ముడుచుకున్నంత చోటులో కూర్చున్నాను. నూర్జహాను గోడకు ఆనుకుని ఉంది. పక్కన బట్టల మూటంత పాప. ఆ పాప కదులుతుందా లేదా అని ఆమె ఎన్ని మధ్యాహ్నాలు నా గదిలో చూసుకుందో నాకు తెలుసు. తల ఎత్తలేకపోయాను.

"అన్నయ్యా," అంది. "నీకెట్టా ఉంది?"

కొత్తగా వచ్చినవాళ్ళను అలా అడుగుతారట ఇక్కడ. నాకు తెలీదు. అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. నాలిక మీదికి ఒక జోకు వచ్చింది. మింగేశాను. నా ఒంట్లో నాకు ఎలా ఉందో వెతుక్కున్నాను. కాస్త సమయం పట్టింది.

"మొహానికి చల్లగా ఉంది," అన్నాను. "వీపంతా ఉక్కగా ఉంది."

"ఆ మూల అంతే," అంది మస్తానత్త. "ఇటు జరుగు."

జరిగాను.